'డిసగ్రీ' క్రియాప్రయోగ విచారము

కాజీపేట సికింద్రాబాదుల నడుమనున్న రైలుమార్గముపై స్టేషన్ ఘన్‌పూర్ అను ఊరు కలదు. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదైన యీ ఊరు 2016 అక్టోబరు 11వ తేదీ నుండి జనగామ జిల్లాలో చేరినది. ఆ ప్రాంతమువాడైన మా పూర్వవిద్యార్థి యొకడు తన బంధువగు రైతు పక్షమున ఒక అర్జీని ఆంగ్లమున వ్రాసి, పంపుటకు ముందు ఒకమారు చూచి దిద్దుడని మాకడకు తెచ్చెను. భూమికి నిర్ణయించిన వెలను గూర్చిన అర్జీ యది. రైతు తన నోట చెప్పిన మాట యిది: "ఈ ధరకు మేం ఒప్పుకోం." విద్యార్థి వ్రాసిన వాక్యము: 'వి ఆర్ డిసగ్రీయింగ్ ఫర్ దిస్ రేట్.'

ఈ వాక్యమున మూడు దోషములు కలవు. క్రియను వర్తమానమున సాగదీసి వ్రాయుట యొకటి. 'ఫర్' అను ఉపపదమును చేర్చుట రెండవది. ఈ రెండును ఆంగ్లము నేర్పు ఏ ఉపాధ్యాయుడైనను ఎఱ్ఱసిరాతో దిద్దునవే. మూడవ దోషము అంత తేలికగా కంటబడదు. రైతు చెప్పినది నిరాకరణము. విద్యార్థి వ్రాసినది అభిప్రాయభేదము. 'ఈ వెలకు భూమి నీయను' అనుట వేఱు. 'ఈ వెల సరియైనదని నేను తలపను' అనుట వేఱు. మొదటి మాట సమ్మతి లేదని చెప్పును. రెండవ మాట సమ్మతిని గూర్చి యేమియు చెప్పదు. 'ఫర్'ను తొలగించి 'విత్' పెట్టినచో వ్యాకరణము కుదురును గాని రైతు మాట అర్జీలోనికి రాదు.

ఆంగ్లక్రియను గూర్చిన విచారము తెలుగు శాఖా పత్రికలో నేల యని చదువరులు శంకింపవచ్చును. ఈ తప్పునకు మూలము తెలుగు వాక్యనిర్మాణమున నున్నది. తెలుగున 'ఒప్పుకొను' అను క్రియ యెన్ని పనులు చేయుచున్నదో తెలిసికొననివానికి ఆంగ్లమున 'డిసగ్రీ' యెచట పనికిరాదో తెలియదు. కావున ముందుగా మన క్రియలను పరిశీలింతము.

'ఒప్పు' అనగా తగియుండుట, సరిపడుట. తప్పొప్పులు అను జంటలో నిదియే నామముగా నిలిచినది. దీనికి 'కొను' అను అనుప్రయుక్తక్రియ చేరి 'ఒప్పుకొను' అయినది. వాడుకలో దీనికి నాలుగు అర్థములైనను కలవు. 'పెండ్లికి ఒప్పుకొన్నాడు' అన్నప్పుడు సమ్మతి. 'తప్పు ఒప్పుకొన్నాడు' అన్నప్పుడు నేరమును అంగీకరించుట. 'మీరన్నమాట ఒప్పుకొంటాను' అన్నప్పుడు అభిప్రాయము కలియుట. 'ఇల్లు కట్టే పని ఒప్పుకొన్నాడు' అన్నప్పుడు బాధ్యతను పైని వేసికొనుట. క్రియ యొక్కటే, అర్థమును తేల్చునవి దానితో చేరిన పదమును, విభక్తియును, సందర్భమును. సమ్మతి యందు 'కు' ప్రత్యయము వచ్చును. తక్కిన మూడింటను ద్వితీయ వచ్చును. మాటలాడునప్పుడు ఆ ద్వితీయ పలుమారు లోపించును.

ఈ నాలుగర్థములకును తెలుగున వ్యతిరేకరూపము మరల నొక్కటియే: ఒప్పుకోను, ఒప్పుకోడు, ఒప్పుకోలేదు. ఆంగ్లమున నట్లు కాదు. సమ్మతింపకుండుటకు 'రెఫ్యూజ్', నేరము కాదనుటకు 'డినై', అభిప్రాయము కలియకుండుటకు 'డిసగ్రీ', పని చేపట్టకుండుటకు 'డిక్లైన్' అను వేర్వేఱు క్రియలు కలవు. మన విద్యార్థి చిన్నతరగతిలో 'అగ్రీ అనగా ఒప్పుకొనుట, డిసగ్రీ అనగా ఒప్పుకొనకుండుట' అని కంఠస్థము చేసినవాడు. ఆ సూత్రమును నమ్మి, ఒప్పుకోలేదన్న ప్రతిచోటను 'డిసగ్రీ'ని వాడును. 'రావడానికి ఒప్పుకోలేదు' అనుట 'హి డిసగ్రీడ్ టు కమ్' అగును. 'దొంగతనం ఒప్పుకోలేదు' అనుట 'హి డిసగ్రీడ్ ది థెఫ్ట్' అగును. రెండును ఆంగ్లము కావు. మొదటిది 'హి రెఫ్యూజ్డ్ టు కమ్' అనియు, రెండవది 'హి డినైడ్ ది థెఫ్ట్' అనియు ఉండవలెను.

ఇక ఆంగ్లక్రియల స్వభావమును చూతము. 'అగ్రీ' ఫ్రెంచి ద్వారమున ఆంగ్లమునకు వచ్చిన మాట; ఇష్టమునకు తగియుండుట దాని మొదటి భావము. మన 'ఒప్పు'నకును దానికిని మూలభావమున చుట్టరికము కనబడుచున్నది. అయినను ఆంగ్లమున 'అగ్రీ' విస్తరించినంతగా దాని వ్యతిరేకరూపము విస్తరింపలేదు. వ్యక్తితోను, అభిప్రాయముతోను కలియునప్పుడు 'అగ్రీ విత్'. ప్రతిపాదనకు సమ్మతించునప్పుడు 'అగ్రీ టు'. చర్చించి యొక అంశమున ఒక నిర్ణయమునకు వచ్చినప్పుడు 'అగ్రీ ఆన్'. ఒక పని చేయుటకు సమ్మతించునప్పుడు 'అగ్రీ టు గో' అనునట్లు తుమున్నర్థకము. బ్రిటిషువారి వ్యవహారమున 'అగ్రీ ది టెర్మ్స్' అని కర్మతోడి ప్రయోగము కూడ కలదు.

'డిసగ్రీ'కి వీనిలో సగము మాత్రమే దక్కినది. 'డిసగ్రీ విత్' కలదు. విషయమును చెప్పుటకు 'ఆన్', 'అబౌట్', 'ఓవర్' కలవు. 'డిసగ్రీ టు' లేదు. తుమున్నర్థకము దీనితో చేరదు. కర్మ దీనికి లేదు; కావున 'ఐ డిసగ్రీ దిస్ పాయింట్' అనరాదు, 'ఐ డిసగ్రీ విత్ యూ ఆన్ దిస్ పాయింట్' అనవలెను. 'ఇట్ వాజ్ అగ్రీడ్' అని సభానిర్ణయములందు వ్రాయుదురు గాని 'ఇట్ వాజ్ డిసగ్రీడ్' అని వ్రాయరు. కారణము స్పష్టము. సమ్మతికి సంబంధించిన రూపములన్నియు 'అగ్రీ'తోనే నిలిచిపోయినవి. వానికి వ్యతిరేకము చెప్పవలెనన్న 'డు నాట్ అగ్రీ టు' అని నిషేధమును చేర్చవలెను, లేదా 'రెఫ్యూజ్', 'రిజెక్ట్' వంటి వేఱు క్రియను తెచ్చుకొనవలెను. 'డిసగ్రీ'కి అభిప్రాయరంగము మాత్రమే మిగిలినది. ఇది గ్రహించినవానికి ఉపపదములను వేఱుగా వల్లెవేయ నక్కఱలేదు.

అభిప్రాయరంగమునకు వెలుపల 'డిసగ్రీ'కి శరీరతత్త్వమునకు సంబంధించిన ప్రయోగ మొకటి కలదు. 'ప్రాన్స్ డిసగ్రీ విత్ మి' అన్నచో రొయ్యలు వాదమునకు వచ్చినవని కాదు, తినినచో ఒంటికి సరిపడవని. తెలుగున దీనికి సరియైన మాట 'పడదు'. 'రొయ్యలు నాకు పడవు', 'ఆ ఊరి నీళ్ళు మా పిల్లవానికి పడలేదు' అందుము. ఇదే క్రియను మనుష్యులకును వాడుదుము: 'వాళ్ళిద్దరికీ పడదు.' ఇచట విద్యార్థి మరల జాఱును. పడకుండుట అభిప్రాయభేదము కాదు, పొత్తు లేకుండుట. 'అత్తాకోడళ్ళకు పడదు' అను మాటను 'దే డిసగ్రీ' అని వ్రాసినచో వారొక విషయమును గూర్చి భిన్నముగ తలచుచున్నారని మాత్రమే తోచును. 'దే డు నాట్ గెట్ ఆన్' అనవలెను. ఆహారమునకు పనికివచ్చిన 'డిసగ్రీ' అత్తాకోడళ్ళకు పనికిరాదు.

తెలుగున అభిప్రాయమునకే ప్రత్యేకించిన క్రియలు లేకపోలేదు. 'ఏకీభవించు', 'విభేదించు' అనునవి అట్టివి. ఏకీభవించుట యనగా ఒకటిగా నగుట. 'విభేదించు'నకు మూలమైన భిద్ ధాతువునకు చీల్చుట యర్థము. కోటను భేదించుట, రహస్యమును భేదించుట యను ప్రయోగములలో ఆ యర్థమే నిలిచి కర్మ నపేక్షించుచున్నది. నేటి పత్రికాభాషలో 'విభేదించు' కర్మను విడిచి 'తో' ప్రత్యయమును గ్రహించి, 'ఆయనతో విభేదించినాడు' అని అభిప్రాయభేదమున స్థిరపడినది. ఈ రెండు క్రియలును 'తో' ప్రత్యయముతోనే వచ్చుట గమనింపదగినది. ఆంగ్లమున 'విత్' వచ్చుచోటును అదియే. కావున విద్యార్థికి మేమిచ్చు సూచన సులభము: నీ తెలుగు వాక్యమున 'ఒప్పుకొను'ను తీసి 'ఏకీభవించు'ను పెట్టి చూడుము. వాక్యము నిలిచినచో 'డిసగ్రీ విత్' వాడుము. నిలువనిచో 'డిసగ్రీ'ని ముట్టకుము. 'ఈ ధరతో మేము ఏకీభవింపము' అని ఏ రైతును అనడు. 'రావడముతో ఏకీభవింపలేదు' అని యెవరును అనరు.

సాగదీసిన వర్తమానమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. తెలుగున 'నేను మీతో విభేదిస్తున్నాను' అనుట సహజము; అది సభలోను పత్రికలోను నిత్యము వినబడు వాక్యమే. ఆంగ్లమున అభిప్రాయమును తెలుపు క్రియలు స్థితివాచకములు. అవి జరుగుచున్న పనిని చెప్పవు. కావున 'ఐ యామ్ డిసగ్రీయింగ్', 'ఐ యామ్ నాట్ అగ్రీయింగ్' అనక, 'ఐ డిసగ్రీ', 'ఐ డు నాట్ అగ్రీ' అనవలెను. మాటిమాటికి తగవులాడువారిని గూర్చి 'దే ఆర్ ఆల్వేజ్ డిసగ్రీయింగ్' అనవచ్చును. అచట చెప్పునది అభిప్రాయము కాదు, అలవాటు.

'డిసగ్రీ'కి దగ్గఱి చుట్టము 'డిఫర్'. దీనికి లాటినున వేఱుగా మోయుట మూలార్థము. ఇది రెండు పనులు చేయును. రెండు వస్తువులు ఒకదానివలె నొకటి లేకుండుటను చెప్పునప్పుడు 'డిఫర్ ఫ్రమ్' అనవలెను. ఘన్‌పూర్ పేరుగల ఊళ్ళు ఓరుగల్లు ప్రాంతమున రెండు ప్రసిద్ధములు. ఒకటి కాకతీయులనాటి కోటగుళ్ళు గల ములుగు వైపు ఘన్‌పూర్, మఱొకటి రైలు స్టేషను గల ఘన్‌పూర్. 'స్టేషన్ ఘన్‌పూర్ డిఫర్స్ ఫ్రమ్ ది అదర్ ఘన్‌పూర్' అన్నచో ఇది దానికంటె భిన్నమని యర్థము. సంప్రదాయవ్యాకరణము 'కంటె'ను పంచమియందు చేర్చినది. 'ఫ్రమ్'నకు ఆ పంచమియే సాటి. మనుష్యులు అభిప్రాయమున భేదించునప్పుడు 'డిఫర్ విత్' అనియు, 'డిఫర్ ఫ్రమ్' అనియు రెండు విధముల వ్రాయుదురు. వస్తువుల విషయమున మాత్రము 'విత్' పొసగదు. మర్యాదగా కాదనుటకు 'ఐ బెగ్ టు డిఫర్' అను నానుడి కలదు.

ఈ 'డిఫర్'తో మన నోట కలిసిపోవు మఱొక క్రియ కలదు. దానిని భేదము తెలియుటకై ఇచట 'డిఫెర్' అని వ్రాయుచున్నాము. 'ఐ డిఫర్ విత్ యూ' అనగా మీతో ఏకీభవింపనని. 'ఐ డిఫెర్ టు యూ' అనగా మీ మాటకు తలయొగ్గుచున్నానని. అర్థములు పూర్తిగ విరుద్ధములు. మొదటిదానిని మొదటి అక్షరముపై ఊనికతోను, రెండవదానిని రెండవ అక్షరముపై ఊనికతోను పలుకుదురు. తెలుగున ఊనిక అర్థమును మార్చదు గనుక మన చెవి దానిని పట్టదు. భూతకాలరూపమును వ్రాయునప్పుడును ఆ ఊనికయే వర్ణక్రమమును నిర్ణయించును: మొదటిదానికి ఒక్క 'ఆర్', రెండవదానికి రెండు 'ఆర్'లు. ఒక్క యక్షరము తప్పినచో ఎదిరించినవాడు లొంగినవాడుగా కాగితమున నిలుచును.

న్యాయస్థానములందు వాడు 'డిసెంట్' అను క్రియ 'ఫ్రమ్'ను గ్రహించును. దీని మూలార్థము వేఱుగా తలచుట. దీనికి తెలుగువారి చరిత్రలోనే ఉత్తమోదాహరణము కలదు. రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన కోకా సుబ్బారావుగారు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగ నుండి 1966లో ప్రధానన్యాయమూర్తియైరి. 1962 డిసెంబరు 18న ఖరక్ సింగు వ్యాజ్యమున ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. ఏకాంతహక్కు రాజ్యాంగమున హామీ యైన హక్కు కాదని అధికసంఖ్యాకులు తలచిరి. సుబ్బారావుగారు, వారితో జె. సి. షా గారు, అట్లు తలపలేదు. వ్యక్తిస్వేచ్ఛలో ఏకాంతహక్కు అంతర్భాగమనిరి. దీనిని ఆంగ్లమున 'హి డిసెంటెడ్ ఫ్రమ్ ది మెజారిటీ' అని చెప్పవలెను. 'హి రెఫ్యూజ్డ్ ది జడ్జ్‌మెంట్' అనుట ఘోరమైన తప్పు. భిన్నాభిప్రాయము వ్రాసిన న్యాయమూర్తి తీర్పును నిరాకరింపడు. అధికసంఖ్యాకుల తీర్పే చెల్లుబాటగును, ఆయన యభిప్రాయము దాని ప్రక్కన నమోదై యుండును. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ ఏకాంతహక్కును మౌలికహక్కని నిర్ణయించి, ఖరక్ సింగు తీర్పులోని ఆ భాగమును త్రోసివైచిరి. విభేదము ధిక్కారము కాకపోవుటవలననే అది యేబదియైదేండ్లు గ్రంథములలో నిలిచి ధర్మముగ మారినది.

దీనికి మాఱుగా, విభేదించియు సమ్మతించుట కలదు. 1955లో రాష్ట్రపునర్విభజన సంఘము తెలంగాణమును అప్పటికి ప్రత్యేకరాష్ట్రముగ నుంచవలెననియు, 1961 ప్రాంతపు సార్వత్రిక ఎన్నికల పిమ్మట అచటి శాసనసభ మూడింట రెండువంతుల ఆధిక్యముతో కోరినచో ఆంధ్రముతో కలుపవచ్చుననియు సూచించినది. అయినను 1956 ఫిబ్రవరి 20న ఇరుప్రాంతముల నాయకులు ఢిల్లీలో కూడి పెద్దమనుషుల ఒప్పందమునకు వచ్చిరి. ప్రత్యేక తెలంగాణమును కోరినవారిలో ముఖ్యులైన కొండా వెంకట రంగారెడ్డిగారును, మఱ్ఱి చెన్నారెడ్డిగారును అందు సంతకము చేసిరి. రాష్ట్రము పేరు, హైకోర్టు మున్నగు విషయములందు ఏకాభిప్రాయము కుదరలేదు. వారి స్థితిని తెలుగున 'ఒప్పుకొన్నారు' అన్న ఒక్కమాటతో చెప్పినచో సగము మఱుగుపడును. ఆంగ్లమున 'దే డిసగ్రీడ్ విత్ ది మెర్జర్, బట్ అగ్రీడ్ టు ఇట్ ఆన్ కండిషన్స్' అన్నచో రెండు సగములును తెలియును. విలీనము మంచిదని వారు తలపలేదు. కొన్ని షరతులపై దానికి సమ్మతించిరి. షరతులు నెఱవేఱలేదన్న వాదము 1969 ఉద్యమమునకు ఊపిరియై, 2014 జూన్ 2న ప్రత్యేకరాష్ట్రము ఏర్పడువఱకు నిలిచినది. ఆ వాదమున కాధారము సమ్మతికిని ఏకీభావమునకును గల యీ భేదమే.

నేటి చట్టములును ఈ భేదమును పాటించుచున్నవి. 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టమున ప్రైవేటు సంస్థలకై భూమిని సేకరించునప్పుడు బాధితకుటుంబములలో నూటికి 80 వంతులకు తక్కువ కాకుండ సమ్మతి యుండవలెనన్న నియమము కలదు. ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైనచో 70 వంతులు. ఇది సమ్మతి. అదే చట్టమున ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినములలో అభ్యంతరములు తెలుపుకొను హక్కు వేఱుగా కలదు. ఇది ఆక్షేపణ. ఆంగ్లమున మొదటిదానికి 'కన్సెంట్ టు', రెండవదానికి 'ఆబ్జెక్ట్ టు' అను క్రియలు. రెండవదాని వెనుక తుమున్నర్థకము రాదని గూడ చెప్పవలెను. 'వి ఆబ్జెక్ట్ టు గివ్' అనక 'వి ఆబ్జెక్ట్ టు గివింగ్' అనవలెను. ఈ రెంటిలో ఏదియు 'డిసగ్రీ' కాదు. అర్జీలో 'డిసగ్రీ' అని వ్రాసినవాడు తన సమ్మతి లేదని స్పష్టపఱుపడు, తన ఆక్షేపణ యేమో స్పష్టపఱుపడు. చదివిన అధికారి 'వీనికి వెల నచ్చలేదు, సరే' యని కాగితమును మడిచినచో తప్పు ఆ అధికారిది మాత్రమే కాదు.

అందువలన మేము అర్జీని వెంటనే దిద్దలేదు. రైతు అభిప్రాయ మేమో మరల అడిగి రమ్మని విద్యార్థిని పంపితిమి. వెల కట్టిన లెక్క తప్పని ఆయన భావమా, లెక్క యెట్లున్నను ఆ వెలకు ఈయనని భావమా? మఱునాడు విద్యార్థి తెచ్చిన బదులు ఇది: "లెక్క సంగతి నాకు తెల్వదు. గీ ధరకు నేనియ్య." అనగా అభిప్రాయభేదము ఆయనకు లేనేలేదు, ఉన్నది నిరాకరణ మొక్కటియే. అర్జీలోని వాక్యమును 'వి డు నాట్ అగ్రీ టు దిస్ రేట్' అని మార్చితిమి. దాని వెనుక 'వి డు నాట్ కన్సెంట్ టు సెల్ ది ల్యాండ్ ఎట్ దిస్ ప్రైస్' అని మఱొక వాక్యమును చేర్చితిమి. వెలతో కూడినప్పుడు తెలుగు 'కు' ఆంగ్లమున 'ఎట్' అగుట కూడ విద్యార్థికి అపుడే తెలిసినది.

ఆంగ్లము బోధించువారు ఈ క్రియను నేర్పునప్పుడు 'ఒప్పుకొనకుండుట' యన్న ఒక్క యర్థముతో విడువక, ఆ ఒప్పుకొనకుండుట సమ్మతి లేకయా, అభిప్రాయము కలియకయా, నేరము కాదనియా, పని చేపట్టననియా యని ముందు తెలుగుననే విడదీయించుట మేలని మా యభిప్రాయము. తెలుగు బోధించువారును ఏకీభవించు, సమ్మతించు, అంగీకరించు, ఒప్పుకొను అను క్రియలను పర్యాయపదములుగ ఒక్క వరుసలో వ్రాయించుట మాని, ఏది యే విభక్తితో నే యర్థమున వచ్చునో వాక్యములలో చూపవలెను. తన భాషలో తాను దేనిని కాదనుచున్నాడో యెఱిగినవాడు పరభాషలో దానిని తప్పుగా చెప్పడు.